నిటారుగా కూర్చుంటే నడుము, మెడ నొప్పులు తగ్గుతాయా?

ప్రశ్న: మాదాపూర్_వాసి

మా కార్యాలయంలో ఇటీవల ఉద్యోగుల ఆరోగ్యం పేరిట ఒక శిక్షణ ఇచ్చారు. నడుము, మెడ నొప్పులన్నిటికీ మూలం వంగి కూర్చోవడమేనని, వెన్ను నిటారుగా నిలిపి మోకాళ్లు, తుంటి, మోచేతులు 90 డిగ్రీల కోణంలో ఉంచుకుంటే అవి దరిచేరవని చెప్పి, చివర్లో భుజాలను వెనక్కి లాగిపట్టే పట్టీలను తగ్గింపు ధరకు అమ్మారు. నాకు కొంతకాలంగా మెడ పట్టేసి కుడి జబ్బ లాగుతోంది. నేను చూపించుకున్న ఫిజియోథెరపిస్టు మాత్రం కూర్చునే తీరు గురించి అడగనే లేదు, రోజులో ఎంతసేపు కదలకుండా ఉంటానో అడిగారు. ఈ ఇద్దరిలో ఎవరి మాటకు ఆధారం ఉందో తెలిసినవారు వివరించగలరు.

జవాబు: డ్రిల్లు_మాస్టారు

పట్టీలు అమ్మడం తప్పే కావచ్చు గాని, శిక్షకులు చెప్పిన మాట తప్పు కాదు. మనిషి తల బరువు ఇంచుమించు 5 కిలోలు. 2014లో న్యూయార్క్ వెన్నెముక శస్త్రవైద్యుడు కెన్నెత్ హన్స్‌రాజ్ కట్టిన లెక్క ప్రకారం, తలను 15 డిగ్రీలు ముందుకు వంచితే మెడ మీద పడే భారం 12 కిలోలవుతుంది, 60 డిగ్రీలు వంచితే 27 కిలోలకు చేరుతుంది. బస్సులోనూ, మంచం మీదా, చివరకు కంచం ముందు కూడా ఫోనులో తల దూర్చే పిల్లల మెడలు గంటల తరబడి అంత భారం మోస్తుంటే నొప్పి రాదని ఎలా అనగలం? ధ్యానానికి కూర్చునేవారు శరీరం, మెడ, తల ఒకే వరుసలో నిలపాలని మన పెద్దలు ఊరికే చెప్పలేదు. ప్రార్థన వేళ గూనిగా నిలబడిన పిల్లవాడిని సరిగ్గా నిలబడమనడం నేనెన్నడూ మానలేదు, మానవలసిన అవసరం ఇప్పటికీ కనిపించడం లేదు.

జవాబు: వెన్నుపూస (ఫిజియోథెరపీ నా వృత్తి)

మాస్టారు గారూ, ఆ లెక్క కంప్యూటర్ నమూనా మీద కట్టినదే తప్ప, నొప్పి ఉన్నవారినీ లేనివారినీ పోల్చి తేల్చినది కాదు. భారం పెరిగితే నొప్పి వచ్చి తీరుతుందనుకోవడంలోనే చిక్కు ఉంది. భారం మోయడానికే కండరాలున్నాయి, అలవాటైన కొద్దీ అవి బలపడతాయి కూడా. పశ్చిమ ఆస్ట్రేలియాలో 17 ఏళ్ల వయసున్న వెయ్యిమందికి పైగా పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, తల ముందుకు వాల్చి వంగి కూర్చునేవారికీ నిటారుగా కూర్చునేవారికీ మెడ నొప్పి విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ధ్యానం సంగతంటారా, అది కొద్దిసేపు మనసు నిలపడానికి కూర్చునే పద్ధతి; తొమ్మిది గంటలు కీబోర్డు కొట్టేవారి కోసం చెప్పినది కాదు.

ఇక నడుము సంగతి. స్వీడన్‌లో నాకెమ్‌సన్ అనే ఎముకల వైద్యుడు 1960లలో డిస్కులోని (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలోని) పీడనాన్ని కొలిచి, నిలబడినప్పటికన్నా కూర్చున్నప్పుడే అది ఎక్కువన్నారు. 1999లో జర్మనీలో విల్కె బృందం స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఒక వ్యక్తి నడుము డిస్కులో చిన్న పరికరం అమర్చి కొలిస్తే, నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) ఉన్న పీడనం కుర్చీలో వెనక్కి జారగిలబడినప్పుడు 0.3 దగ్గరికి తగ్గింది. అదే మనిషి 20 కిలోల బరువును నడుము వంచి ఎత్తినప్పుడు 2.3కు, మోకాళ్లు వంచి ఎత్తినప్పుడు 1.7కు పెరిగింది. ఒక్క మనిషి మీద తీసిన కొలతలను శాసనంగా పట్టుకోకూడదు గాని, బరువెత్తేటప్పుడు చెప్పవలసిన జాగ్రత్తను తెచ్చి కుర్చీకి అంటగడుతున్నామన్న అనుమానం నాకు వీటిని చూశాకే బలపడింది.

భంగిమకు విలువే లేదని నేననడం లేదు. ఇప్పటికే నొప్పి ఉన్నవారికి ఏ వంపులో అది పెరుగుతుందో కనిపెట్టి, ఆ వంపును కొన్నాళ్లు తగ్గించడం ఉపశమనమిస్తుంది. అయితే మీ ఫిజియోథెరపిస్టులాగే నేనూ ముందు అడిగేది ఎంతసేపు కదలకుండా ఉంటారనే; మధ్యమధ్య లేచి తిరగమనే చెబుతాను. పట్టీ విషయానికొస్తే, దీర్ఘకాలిక నడుము నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో వెలువరించిన మార్గదర్శకాలు వ్యాయామాన్ని సిఫారసు చేసి, నడుము బెల్టులనూ, ట్రాక్షన్‌నూ (నడుమును సాగదీసే చికిత్సను) రోజువారీ చికిత్సగా వద్దన్నాయి. భుజాల పట్టీ అందులో లేదు గాని, దాన్ని కొనమని చెప్పడానికి నా దగ్గర కారణమేమీ లేదు. కాళ్లలో బలం తగ్గినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, నొప్పితో పాటు జ్వరమో అకారణంగా బరువు తగ్గడమో ఉన్నా, ఈ చర్చంతా పక్కన పెట్టి వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

జవాబు: గుంటమగ్గం

ఇక్కడ అందరూ కుర్చీ ఎంచుకోగలిగినవారి గురించే మాట్లాడుతున్నారు. మా పోచంపల్లి వైపు చీరకు రంగులద్దే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో బిగించిన పుల్లలకూ ఎదురుగా ఉన్న ఒక్క పుల్లకూ మధ్య నూలు పోసుకుంటూ, చేయి చాచి తెచ్చి, మళ్లీ చాచి తెచ్చి, ఒక్క చీరకే కొన్ని వేలసార్లు తిప్పాలి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. సాయంత్రానికి జబ్బ లేచేది కాదు, అన్నం కలపడానికి కూడా ఎడమ చెయ్యే దిక్కయ్యేది. తల్లి లక్ష్మి పడే బాధ చూసి చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆమెను నిటారుగా కూర్చోమంటే ఆ నొప్పి తగ్గి ఉండేదా? మధ్యమధ్య లేచి తిరగమన్నా తగ్గేది కాదు, ఎందుకంటే లేచిన ప్రతిసారీ పని ఆగుతుంది, కూలి తగ్గుతుంది. యంత్రం వచ్చాక చేతికి ఆ తిప్పుడు తప్పింది. గుంట మగ్గం మీద మా పరిస్థితీ అంతే: కాళ్లు గుంటలో తొక్కుడు కర్రల మీద, కళ్లు నేత మీద, రంగు రంగుకు కలిసి డిజైను సరిగ్గా రావాలంటే ముందుకు వంగక తప్పదు. వెన్నుపూస గారి మాట బాగుంది గాని, కదలడానికి వీలున్న పనివారికే అది ఉపయోగపడుతుంది.

జవాబు: డ్రిల్లు_మాస్టారు

ఆసు విషయంలో మీరు చెప్పినది కాదనలేను. అయితే పిల్లల దగ్గర నేను పట్టు వదలను. వంగి కూర్చోవడం వల్ల నొప్పి రాదని ఒక అధ్యయనం చెప్పినంత మాత్రాన మంచం మీద బోర్లా పడుకుని రాత్రంతా ఫోను చూడమని ఏ పెద్దవాడూ చెప్పడు.

జవాబు: వెన్నుపూస

చెప్పడు, నేనూ చెప్పను. అయితే అక్కడ నేను ముందు పట్టించుకునేది పోయిన నిద్రనూ, ఆడకుండా గడిచిన సాయంత్రాన్నీ.

గుంటమగ్గం గారూ, మీ అభ్యంతరం న్యాయమైనది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నేను చూసిన నేతగాళ్లలో కొందరికి కూర్చునే పలక ఎత్తు కాస్త మార్చి, దాని ముందు అంచు కొద్దిగా వాలుగా ఉండేలా చేయించుకుంటే నడుము మీద లాగుడు తగ్గింది. బట్ట మీద వెలుతురు బాగా పడేలా దీపం మార్చుకున్నవారు అంతగా వంగవలసిన అవసరం లేకపోయింది. కండె (నూలు చుట్టిన గొట్టం) మార్చడానికో, తెగిన పోగు అతకడానికో ఎలాగూ పని ఆపుతారు కనుక, ఆ ఆగిన క్షణాల్లోనే రెండుసార్లు నడుము వెనక్కి వంచమని చెబుతాను, అందుకు కూలి పోదు.

మాదాపూర్_వాసి గారూ, మీకు పని తేలిక. ల్యాప్‌టాప్‌ను కళ్ల ఎత్తుకు లేపి కీబోర్డు, మౌస్ విడిగా పెట్టుకోండి, మౌస్ కోసం కుడి చేయి చాచే దూరం తగ్గించండి, ఫోన్ మాటలు నడుస్తూ మాట్లాడండి, వారానికి రెండు మూడుసార్లు మెడ, భుజాల కండరాలకు బరువుతో వ్యాయామం చేయించుకోండి. వేళ్లకు తిమ్మిర్లు గాని, చేతిపట్టు తగ్గడం గాని మొదలైతే మాత్రం ఆలస్యం చేయకుండా చూపించుకోండి.