నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్: డీటీపీ షాపు ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 వేయొచ్చా?

పచ్చసిరా:
ఐ3-4005యూ, 4 జీబీ డీడీఆర్3ఎల్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10 64 బిట్ 22హెచ్2. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, ఎల్‌బీపీ 2900 ప్రింటర్, ఆన్‌లైన్ దరఖాస్తులు అన్నీ దీనిమీదే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 అడిగే టీపీఎం (భద్రతా చిప్) లేదని చూపిస్తోంది. రూఫస్ (పెన్‌డ్రైవ్‌ను ఇన్‌స్టాల్ డిస్క్‌గా మార్చే ప్రోగ్రాం)తో 11 వేయమని కొందరు, లైనక్స్‌కు మారమని కొందరు అంటున్నారు. ఏది సరైనది?

స్క్రూడ్రైవర్:
ముందు హార్డ్‌డిస్క్ తీసేయండి. దాని మీద ఏ ఓఎస్ వేసినా డిస్క్ వాడకం 100 శాతం దగ్గరే ఆగుతుంది. 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ చాలు. పాత డిస్క్ మందం 9.5 మి.మీ., ఎస్ఎస్‌డీ 7 మి.మీ. కాబట్టి ప్లాస్టిక్ స్పేసర్ పెట్టకపోతే కనెక్టర్ వదులై, ఒక రోజు బూట్ అవుతుంది, మర్నాడు కాదు.

ర్యామ్ దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 కొంటే ఈ ప్రాసెసర్ మీద స్క్రీన్ రాదు, లేబుల్ మీద పీసీ3ఎల్-12800ఎస్ అని ఉండాలి. 8 జీబీ స్టిక్ అయితే 16 చిప్‌లున్నదే, రెండు వైపులా ఎనిమిదేసి, 2ఆర్x8 అని రాసి ఉన్నదే తీసుకోండి. ఎనిమిది చిప్‌లతోనే 8 జీబీ అయ్యే స్టిక్‌లను నాలుగో తరం మెమరీ కంట్రోలర్ చదవలేదు. స్టిక్ మంచిదే అయినా బోర్డు పలకదు.

ఇవి రెండూ అయ్యాక రూఫస్‌తో 11 వేసుకోవచ్చు, బాగానే నడుస్తుంది.

మింట్‌వాసి:
ఆ చివరి మాట నేను ఒప్పుకోను. విండోస్ 11కి ఒప్పుకునే ప్రాసెసర్ల మైక్రోసాఫ్ట్ జాబితా దాదాపుగా ఎనిమిదో తరంతో మొదలవుతుంది. దానికి ముందు మెషీన్లలో నెలవారీ ప్యాచ్‌లు వస్తున్నా, ఏటా వచ్చే కొత్త వెర్షన్ తనంతట తాను రాదు. హోమ్, ప్రో ఎడిషన్లకు ఒక్కో వెర్షన్ 24 నెలలే. అంటే ప్రతిసారీ ఐఎస్‌ఓ (విండోస్ ఇన్‌స్టాల్ ఫైలు) దించుకుని మళ్లీ పైన వేయాలి. షాపులో అది ఎవరు చేస్తారు?

లైనక్స్ మింట్ 22లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేస్తే 2029 దాకా అప్‌డేట్లు. తెలుగు టైపింగ్‌కు ఐబస్-ఎం17ఎన్ అనే టైపింగ్ ప్రోగ్రాంలో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, యాపిల్ లేఅవుట్లున్నాయి.

పేజీలేఅవుట్:
మింట్‌వాసి గారూ, మీరు చెప్పిన కీబోర్డులన్నీ యూనికోడ్‌వి. పెళ్లికార్డు ఫైలు అను ఫాంట్లో ఉంటుంది, అది యూనికోడ్ కాదు. ఫాంట్ మారిస్తే అక్షరం బదులు గుర్తులు వస్తాయి. పేజ్‌మేకర్ 2001 నాటి విండోస్ ప్రోగ్రాం. వైన్‌లో (లైనక్స్ మీద విండోస్ ప్రోగ్రాంలు నడిపేది) తెరుచుకున్నా, కీబోర్డు మీట నొక్కగానే వత్తు సరైన చోట పడాలంటే అను ఫాంట్ల టైపింగ్ ప్రోగ్రాం స్క్రిప్ట్ మేనేజర్ కూడా నమ్మకంగా నడవాలి. కస్టమర్ కౌంటర్ దగ్గర నిలబడి ఉంటే ఆ ప్రయోగం చేయలేం.

ప్రింటర్ సంగతి ఇంకా కష్టం. ఎల్‌బీపీ 2900 క్యానన్ సొంత క్యాప్ట్ డ్రైవర్ మీద నడుస్తుంది, లైనక్స్‌లో దాన్ని నిలబెట్టడం పెద్ద పని. ఈ షాపుకి విండోసే కావాలి.

స్క్రూడ్రైవర్:
అందుకే అంటున్నా, అన్నా. వేసే పద్ధతి ఇది. రూఫస్ 4.6 లేదా ఆ తర్వాతిది, 8 జీబీ పెన్‌డ్రైవ్. స్టార్ట్ నొక్కాక వచ్చే కిటికీలో టీపీఎం, సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్ షరతులు తీసేసే గడి టిక్ చేయండి. బయోస్‌లో యూఈఎఫ్‌ఐ (కొత్త బూట్ పద్ధతి) మోడ్ ఉండి డిస్క్ ఎంబీఆర్ (పాత పార్టిషన్ పద్ధతి)ది అయితే, డిస్క్‌లో వేయలేనంటూ సెటప్ ఆగిపోతుంది. కొత్త ఎస్ఎస్‌డీ అయితే ఉన్న పార్టిషన్లన్నీ తీసేసి ఖాళీ చోటు ఎంచుకోండి, కొత్త పద్ధతి జీపీటీకి సెటప్పే మార్చుకుంటుంది.

విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి పాప్‌కౌంట్, ఎస్ఎస్ఈ4.2 అనే ఆదేశాలు లేని ప్రాసెసర్‌లో బూటే కాదు. ఇది కోర్ 2 డ్యుయో వాళ్ల సమస్య, ఐ3-4005యూలో రెండూ ఉన్నాయి.

పాత స్కానర్, యూఎస్‌బీ లాక్ (సాఫ్ట్‌వేర్ తెరవడానికి పెట్టే డాంగిల్) డ్రైవర్లు లోడ్ కాకపోతే విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ పేజీ చూడండి. అందులోని మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ పాత డ్రైవర్లను అడ్డుకుంటుంది, ఏది అడ్డో అక్కడే పేరు కనిపిస్తుంది.

మింట్‌వాసి:
ప్రింటర్, అను ఫాంట్ల విషయంలో పేజీలేఅవుట్ గారి మాట నిజం, లైనక్స్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ 11 మీద నా అభ్యంతరం అలాగే ఉంది. విండోస్ 10నే ఈఎస్‌యూ (సపోర్ట్ ముగిశాక భద్రతా ప్యాచ్‌లిచ్చే పథకం)లో చేర్చండి: సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ లింక్, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్, సెట్టింగ్స్ బ్యాకప్ ఒప్పుకుంటే రుసుము లేదు. 2026 అక్టోబర్ 13 దాకా ప్యాచ్‌లు వస్తాయి. డిఫెండర్ వైరస్ జాబితాలు 2028 అక్టోబర్ దాకా వస్తాయి కదా అని ఈఎస్‌యూ మానకండి. కస్టమర్ పెన్‌డ్రైవ్‌లోని షార్ట్‌కట్ వైరస్‌ను డిఫెండర్ పట్టుకుంటుంది గానీ ఓఎస్‌లో ఉన్న రంధ్రాన్ని పూడ్చదు.

పేజీలేఅవుట్:
ఈఎస్‌యూ మాట బాగుంది. ఆ గడువు ముగిశాక దరఖాస్తులు, ఓటీపీలు, బ్యాంకు పనులు వేరే మెషీన్‌లోకి మార్చి, దీన్ని నెట్ లేకుండా పేజ్‌మేకర్‌కే ఉంచుకోవడం నాకు సబబు. పాత హార్డ్‌డిస్క్ పారేయకండి, ఫాంట్లు, పాత కార్డుల ఫైళ్లు అందులో అలాగే ఉండనివ్వండి.

పచ్చసిరా:
టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర 2లో 1 స్లాట్ వాడుకలో ఉందని చూపిస్తోంది. అంటే ఇంకో 4 జీబీ చేర్చవచ్చా?

స్క్రూడ్రైవర్:
చేర్చవచ్చు, 4 జీబీ పీసీ3ఎల్ ఒకటి చాలు. ముందు అడాప్టర్, బ్యాటరీ తీసి పవర్ బటన్ 20 సెకన్లు నొక్కి పట్టుకోండి. స్టిక్‌ను ఏటవాలుగా దూర్చి, బంగారు రంగు గీత కనిపించనంత లోపలికి వెళ్లాకే కిందికి వంచండి.