కేఎస్‌జీఏ, ఎర్మ్: ఒకే పోలిక ఉన్న రెండు ఎంజైములు ఎదురెదురు ఫలితాలు ఎందుకు ఇస్తాయి?

ప్రశ్న – ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ విద్యార్థిని

అందరికీ నమస్కారం. రైబోసోమ్ (కణంలో ప్రొటీన్లు తయారుచేసే యంత్రం)లోని ఆర్‌ఎన్‌ఏను మార్చే బ్యాక్టీరియా ఎంజైముల మీద సెమినార్ సిద్ధం చేసుకుంటూ ఒకచోట ఆగిపోయాను. ఈ.కోలైలో కేఎస్‌జీఏ అనే ఎంజైము రైబోసోమ్ చిన్న ఉపభాగం (30ఎస్)లోని 16ఎస్ ఆర్‌ఎన్‌ఏలో 1518, 1519 స్థానాల్లో ఉన్న అడెనిన్ అనే క్షారాలకు చెరి రెండు మిథైల్ సమూహాలను చేరుస్తుంది. ఎర్మ్ ఎంజైము పెద్ద ఉపభాగం (50ఎస్)లోని 23ఎస్ ఆర్‌ఎన్‌ఏలో 2058వ అడెనిన్‌కు అదే పని చేస్తుంది. మిథైల్ ఇచ్చేది రెండింటికీ ఎస్-అడినోసిల్ మిథియోనైనే, మార్పు జరిగేది కూడా అడెనిన్‌లోని ఆరో స్థానపు నైట్రోజన్ మీదే. అయినా కేఎస్‌జీఏను పోగొట్టుకున్న బ్యాక్టీరియా కాసుగామైసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగదు, ఎర్మ్‌ను సంపాదించుకున్న బ్యాక్టీరియా ఎరిత్రోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్‌కు లొంగదు. ఒకటి పోతే నిరోధకత, మరొకటి వస్తే నిరోధకత ఎలా వస్తోంది? పైగా కేఎస్‌జీఏ లేకపోయినా ఈ.కోలై బతుకుతుందంటున్నారు. అటువంటప్పుడు దాని బంధువులు ఈస్టులోనూ, మన మైటోకాండ్రియాలోనూ కూడా ఎందుకు నిలిచి ఉన్నాయి?

సమాధానం – రైబోసోమ్ నిర్మాణంపై పనిచేసే పరిశోధకుడు

మీరు గమనించిన పోలిక నిజమైనదే. రెండింటిలోనూ మొదటి భాగం ఏడు బీటా పోగులు, వాటికి ఇరువైపులా హెలిక్సులు ఉన్న రాస్‌మన్ తరహా మడత (ప్రొటీన్ ఆకృతి). ఎస్-అడినోసిల్ మిథియోనైన్ కూర్చునే గుంట అందులోనే ఉంటుంది. చివరి భాగం హెలిక్సులతో కూడిన చిన్న డొమైన్. కాబట్టి తేడాను రసాయన చర్యలో వెతకకండి. మిథైల్ పడిన చోటు మందుకు ఎంత దగ్గర, ఎంజైము రైబోసోమ్‌ను ఏ దశలో పట్టుకుంటుంది అన్న రెండు విషయాల్లో వెతకండి.

కాసుగామైసిన్ మన రైతులు వరిలో అగ్గి తెగులుకు కొట్టే మందే. అది 30ఎస్ ఉపభాగంలో మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ సాగే దారిలో, 794, 926 స్థానాల న్యూక్లియోటైడ్ల దగ్గర కూర్చుంటుంది. కేఎస్‌జీఏ మార్చే రెండు అడెనిన్లను అది నేరుగా తాకనే తాకదు. ఆ మిథైల్ సమూహాలు 44, 45 హెలిక్సులు ఒకదానికొకటి సరిగా ఒదిగి ఉండడానికి తోడ్పడతాయి. అవి లేకపోతే ఆ ఒద్దిక సడలి, దాని ప్రభావం మందు కూర్చునే చోటి దాకా పాకుతుంది. అంటే ఇక్కడ నిరోధకత ఆకృతి మారడం వల్ల పరోక్షంగా వచ్చిన ఫలితం.

మీ రెండో ప్రశ్న నాకు మరీ ఇష్టమైనది. కేఎస్‌జీఏ విడి 16ఎస్ ఆర్‌ఎన్‌ఏను మార్చదు, పూర్తిగా తయారై పనిలో ఉన్న 30ఎస్‌నూ మార్చదు. నిర్మాణం ముగింపుకు వచ్చి, ఇంకా అనువాదానికి (ప్రొటీన్ తయారీకి) సిద్ధం కాని ఉపభాగాన్నే అది పట్టుకుంటుంది. మిథైల్ చేర్చడం పూర్తయ్యాకే వదిలిపెడుతుంది. అందుకే దీన్ని తయారీ చివరి దశలోని తనిఖీదారుగా భావిస్తున్నారు. దీనికి బలమైన ఆధారం ఉంది: ఎంజైములోని 66వ అమైనో ఆమ్లమైన గ్లుటమేట్‌ను అలనిన్‌గా మార్చి ఉత్ప్రేరక శక్తిని పోగొడితే, ఆ ఎంజైము ఉపభాగాన్ని పట్టుకుని వదలదు. అప్పుడు కణానికి కలిగే హాని, ఎంజైము అసలే లేనప్పటి కంటే ఎక్కువ. జన్యువును పూర్తిగా తీసేసిన కణాలు బతుకుతాయి కానీ చలిలో సరిగా పెరగవు. ప్రయోగశాలలో బతకడాన్ని చూసి ఎంజైము అనవసరమని తేల్చేయడం, నా ఉద్దేశంలో, తొందరపాటే.

సమాధానం – ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్ నుంచి

ఎర్మ్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే దాని పనిని మేము బ్యాక్టీరియాను పెంచే ప్లేటు మీద రోజూ చూస్తాము. 2058వ అడెనిన్ ప్రొటీన్ బయటికి వచ్చే సొరంగం మొదట్లో, ఎరిత్రోమైసిన్ కూర్చునే చోటే ఉంది. ఆ మందులోని డెసోసమీన్ చక్కెరకూ ఈ అడెనిన్‌కూ మధ్య ఒక నీటి అణువు వంతెనలా నిలిచి ఉంటుంది. రెండు మిథైళ్లు చేరితే ఆ నీటి అణువుకు చోటుండదు, పట్టు సడలుతుంది. క్లిండామైసిన్, స్ట్రెప్టోగ్రామిన్ బి కూడా ఇదే చోటును ఆశ్రయిస్తాయి కనుక ఒక్క మార్పుతో మూడు తరగతుల మందులు పనికిరాకుండా పోతాయి. మానవ కణద్రవ్యపు రైబోసోమ్‌లో ఇదే స్థానంలో అడెనిన్ బదులు గ్వానిన్ ఉండడం వల్లనే ఈ మందులు దాన్ని అంతగా పట్టించుకోవు.

అయితే ఈ మిథైళ్ల వల్ల కొన్ని ప్రొటీన్ల తయారీ దెబ్బతింటుంది. అందువల్ల ఎర్మ్-సి వంటివి అవసరం వచ్చినప్పుడే మేల్కొంటాయి. ఎరిత్రోమైసిన్ చేరిన రైబోసోమ్ 19 అమైనో ఆమ్లాల చిన్న లీడర్ పెప్టైడ్‌ను (ఎంజైము కోడ్‌కు ముందుండే చిన్న ప్రొటీన్ ముక్కను) చేస్తూ మధ్యలో నిలిచిపోతుంది, దాంతో మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ మడత మారి ఎంజైము తయారీకి దారి తెరుచుకుంటుంది. క్లిండామైసిన్ దాన్ని అలా మేల్కొల్పలేదు. కనుకనే స్టాఫిలోకాకస్ ప్లేటు మీద ఎరిత్రోమైసిన్ డిస్క్ పక్కన క్లిండామైసిన్ డిస్క్ పెట్టి చూస్తాము. క్లిండామైసిన్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం ఎరిత్రోమైసిన్ వైపు చదునై డి అక్షరంలా కనిపిస్తే, విడిగా చూసినప్పుడు మందు పనిచేస్తున్నట్టే ఉన్నా, నిరోధకత ఉందనే రిపోర్టు ఇస్తాము. మీ సెమినార్‌లో ఈ ఫొటో ఒకటి తప్పక పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక్క చిన్న అనుమానం: ఎర్మ్ మేల్కొన్నాక, అప్పటికే మందు చేరిన పాత రైబోసోములను కూడా అది సరిచేస్తుందా?

సమాధానం – రైబోసోమ్ నిర్మాణంపై పనిచేసే పరిశోధకుడు

చేయదండి. పూర్తిగా తయారైన 50ఎస్‌లో 2058వ స్థానం ఎర్మ్‌కు అందనంత లోపల ఉంటుంది. అది ప్రొటీన్లు ఇంకా పూర్తిగా చేరని 23ఎస్ ఆర్‌ఎన్‌ఏనే మారుస్తుంది కాబట్టి రక్షణ కొత్తగా కట్టుకునే రైబోసోములకే దక్కుతుంది. దీనికి భిన్నంగా, అమికాసిన్, జెంటామైసిన్‌లను పనికిరాకుండా చేసే ఆర్మ్-ఏ ఎంజైము తయారైన 30ఎస్‌నే పట్టుకుని 1405వ గ్వానిన్‌కు మిథైల్ చేరుస్తుంది. ఈ మూడింటినీ ఒకే బొమ్మలో, రైబోసోమ్ తయారీ దశల వెంట అమర్చి గీయండి. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ బొమ్మలోనే కనిపిస్తుంది.