కెన్ ప్రైస్‌ది కుమ్మరి పనేనా?

సారెమీద:
కెన్ ప్రైస్ (1935–2012) అమెరికన్ సిరామిక్స్‌లో మేటి అని ఇక్కడ అందరూ ఆకాశానికెత్తుతున్నారు. నా అభ్యంతరం ఒకటే. ఈ లాస్ ఏంజెలెస్ మనిషి మట్టి కాల్చాక దానికి యాక్రిలిక్ రంగు పూస్తాడు. ఇక కుండలు కాల్చే ఆముకి మిగిలిన పనేంటి? గ్లేజ్ (ఆము వేడికి కరిగి గాజులా మారే పూత) వేసినవాడు ఆము తెరిచేదాకా ఊపిరి బిగబట్టుకుని కూచోవాలి. నచ్చకపోతే ఇంకో పూత వేసుకునేవాణ్ణి కుమ్మరి అని ఎలా అంటాం?

ఉప్పుకాగితం:
సారెమీద గారూ, గ్లేజ్ చేతకాక కాదండీ. 1959లో ఆల్ఫ్రెడ్ యూనివర్సిటీలో ఎంఎఫ్ఏ (కళల్లో పీజీ) చేశాడు. 1970ల్లో మెక్సికో జానపద కుండల మోజులో, భార్య హ్యాపీ పేరు పెట్టి చేసిన ‘హ్యాపీస్ క్యూరియోస్’ వరస చూడండి, గ్లేజే గ్లేజు.

ఇక రంగు తేలిక అన్నారు. తర్వాతి శిల్పాల మీద డెబ్భై దాకా పల్చటి పూతలుంటాయి. పైన తడి ఉప్పుకాగితంతో చేత్తో రుద్దుతాడు. మట్టి ఎక్కడ బుడిపెగా లేచిందో అక్కడ పైరంగు ముందు అరిగి, అడుగురంగులు చుక్కలు చుక్కలుగా బయటపడతాయి. ఆ చుక్క ఎక్కడ పడాలో చెప్పేది మట్టే, కుంచె కాదు. కొండపల్లి బొమ్మకి రంగేశారని చెక్కపని కాకుండా పోయిందా?

సారెమీద:
పోలిక కుదర్లేదు. పొణికి చెక్కకి రంగు తప్ప దారి లేదు. ఈయనకి ఉంది, వదిలేశాడు.

రాతిఅచ్చు:
ప్రింట్ల ఊసు ఒక్కరూ ఎత్తరేం? లాస్ ఏంజెలెస్ అచ్చుల వర్క్‌షాప్ జెమిని జీఈఎల్‌లో ప్రైస్ తీసిన అచ్చుల్లో కప్పులదే రాజ్యం. అచ్చులో ఒక్కో రంగుకీ ఒక్కో పలక, ఒక్కో విడత. పొర మీద పొరగా రంగుని ఆలోచించే అలవాటు అక్కడే ముదిరిందని నా అనుమానం. ఆ లెక్కన ‘కుమ్మరా కాదా’ అన్న పంచాయితీలో సగం మనిషినే చూస్తున్నాం. (సర్ఫింగ్ పిచ్చి కూడా కలిపితే మూడోవంతే!)

ఉప్పుకాగితం:
ఒప్పుకుంటా. కానీ సారెమీద గారికో ప్రశ్న. లాస్ ఏంజెలెస్‌లోని ఓటిస్ ఆర్ట్ కాలేజీలో ప్రైస్‌కి గురువు, పెద్ద పెద్ద మట్టి శిల్పాలు చేసిన పీటర్ వోల్కస్. ఆ నీడ తప్పించుకోడానికే ఈయన ఆల్ఫ్రెడ్ వెళ్ళి, చివరికి అరచేతిలో ఇమిడే కప్పులకి దిగాడు. ఆ వోల్కస్ చేసిన ‘రెడ్ రివర్’ శిల్పం మీద ఎపాక్సీ రంగుంది, అదీ ఆములో కాల్చని రంగే. ఆయన్ని కుమ్మరి కాదని ఎవరూ అనరు. శిష్యుడికే ఎందుకండీ ఈ పరీక్ష?

సారెమీద:
దాని మీద గ్లేజ్ కూడా ఉందండీ. ప్రైస్ చుక్కల బొమ్మల్లో ఒక్కదాని మీద చూపించండి, అప్పుడు మాట్లాడదాం.