"భూమ్యనంతర"లో పేచీ అంతా "న" దగ్గరే

శారద: 2020లో గల్వాన్‌లో మన సైన్యానికీ చైనా సైన్యానికీ జరిగిన ఘర్షణ వార్తలు చదివినప్పటి నుంచీ కౌటిల్యుడి ముక్క ఒకటి బుర్ర తొలిచేస్తోంది. "భూమ్యనంతరా..." అని మొదలై, తర్వాత శత్రువని వస్తుంది. అనంతర అంటే తర్వాతి రాజ్యమనేగా?

ఫణి: "భూమ్యనంతరా అరిప్రకృతిః", అర్థశాస్త్రం ఆరో అధికరణం. మన భూమికి ఆనుకుని ఉన్నవాడు శత్రువని. తర్వాత కాదండీ, అన్ + అంతర. నడుమ సందు లేనిది. "వివాహానంతరం" అని రాసి రాసి మనం దాన్ని కాలానికి కట్టేశాం. 1950లో చైనా సైన్యం టిబెట్‌లోకి దిగేదాకా మనకీ వాళ్లకీ మధ్య అంతరం ఉండేది. అది పోయిన పన్నెండేళ్లకే 1962 యుద్ధం.

మూర్తి: వినడానికి బావుంది, అతకదు. భూమ్యేకాంతరుడు, అంటే ఒక రాజ్యం అవతలివాడు, మిత్రుడన్నాడు కదా. చైనా, పాకిస్తాన్ 1963లో సరిహద్దు ఒప్పందమే రాసుకున్నాయి. ఆనుకుని ఉండీ మిత్రులే. మనకి భూటాన్ లేదూ?

ఫణి: అందుకే "ప్రకృతి" అన్నాడు మూర్తిగారూ. స్వభావరీత్యా శత్రువని.

మూర్తి: స్వభావం కాదు, రాజ్యాంగం, అంటే రాజ్యానికి ఒక అంగం. అదే అధికరణంలో స్వామి, అమాత్యుడు మొదలు ఏడింటినీ ప్రకృతులనే అన్నాడు. వాటిలో కోశం, అంటే ఖజానా, ఒకటి. దానికి స్వభావమేమిటి?

లక్ష్మి: అసలు మాట "సామంత" కదూ! కౌటిల్యుడికి సామంతుడంటే ఉత్త పొరుగు రాజు. రాయలనాటికి కప్పం కట్టేవాడైపోయాడు. రాయలంటే గుర్తొచ్చింది, 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు పొరుగున ఉన్న ఒడ్డె రాజు గజపతి నుంచి లాక్కుని, చివరికి ఆయన కూతుర్నే పెళ్లాడాడు. భూమ్యనంతరుడు మామగారయ్యాడు! ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో యామునాచార్యుడు చెప్పే రాజనీతి చదవండి, కత్తి పట్టిన చేతి రాత అని తెలిసిపోతుంది.

మూర్తి: లక్ష్మిగారు రాయల్ని ఎత్తారంటే ఇక తెల్లవారినట్టే.

రాఘవ: ఆలస్యంగా వచ్చాను. మనకీ చైనాకీ మధ్య ఉన్న "వాస్తవాధీన రేఖ"లో ఉన్నది అధీనమా, ఆధీనమా? సవర్ణదీర్ఘం మింగేసింది, ఏదైనా ఒకటే రూపం. ఆ రేఖ ఎక్కడుందో రెండు దేశాలూ ఒప్పుకున్న పటం లేదు, మాటలో హద్దూ కనబడదు.

ఫణి: అధీనమే. దీర్ఘం పత్రికల పుణ్యం.

లక్ష్మి: పత్రికలంటే, పాకిస్తాన్‌ని దాయాది అంటారు, చైనాని అనరేం? పాత తెలుగులో దాయ అంటే జ్ఞాతీ, శత్రువూ కూడా.

మూర్తి: చైనాతో ఆస్తి పంపకాలెక్కడివి?

రాఘవ: మనమూ వాళ్లూ మాదంటే మాదనే అక్సాయ్ చిన్ ఏమిటి మరి!

శారద: అందరికీ దండాలు. ఇప్పుడే సంస్కృత నిఘంటువు తీశాను. "అనంతర" కింద సందు లేనిది అనీ ఉంది, తర్వాతిది అనీ ఉంది.

ఫణి: ఏ నిఘంటువు?