అప్‌డేట్: అనంతపురం నుంచి బెంగళూరుకు క్లాస్ ట్రిప్

పోయిన నెల ఇక్కడ అడిగాను: మా క్లాసు 24 మంది సమకాలీన కళ చూడటానికి అనంతపురం నుంచి బెంగళూరు వెళ్తున్నాం, ఒక్కరోజులో ఎలా చూడాలని. వెళ్లొచ్చాం. మీ సలహాల్లో ఏవి పనికొచ్చాయో రాస్తున్నా.

సోమవారం పెట్టుకోవద్దు. ప్యాలెస్ రోడ్డులోని ఎన్‌జీఎంఏకి (నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్) ఆ రోజు సెలవు, కస్తూర్బా రోడ్డులోని మ్యాప్‌కీ (మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ) అంతే. గంటన్నర దాటితే కళ్లు అలిసిపోతాయి కాబట్టి పూటకొకటి చాలు. ఆరుగురేసి నాలుగు గుంపులైతేనే బొమ్మ ముందు అందరికీ చోటు దొరుకుతుంది.

స్కెచ్‌కి పెన్సిలే తీసుకెళ్లండి. చార్‌కోల్ పొడి రాలుతుంది, సిరా చిందుతుంది.

అన్నిటికంటే పనికొచ్చిన సలహా: ఫోన్ జేబులో పెట్టి ఒక్క బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడటం. ఎదురుగా చూశాక పక్కకు జరిగి ఏటవాలుగా చూడండి. ఎదురుగా నున్నగా కనిపించిన ఆయిల్ రంగు, పక్కనుంచి చూస్తే గట్లు గట్లుగా లేచి ఉంటుంది. ఒక్కో గట్టుకు సన్నటి నీడ. కుంచె ఎటు లాగారో, కత్తితో ఎక్కడ గీకారో అప్పుడే తెలుస్తుంది. ఫొటోలో ఇది రాదు.

బొమ్మ పక్కనున్న లేబుల్‌ని అన్నీ చూశాక చివర్లో చదవండి. కొలతల్లో మామూలుగా ఎత్తు ముందు, వెడల్పు తర్వాత. 'మిక్స్‌డ్ మీడియా' (రకరకాల సామగ్రి కలిపి చేసింది) అని ఉంటే ఏమేం వాడారో మీరే వెతికి రాసుకోండి.

వీడియో ఆర్ట్ దగ్గరే మేం తప్పు చేశాం. మధ్యలో వెళ్లి మధ్యలోనే వచ్చేశాం. లేబుల్ మీద నిడివి చూసుకుని, మళ్లీ మొదలయ్యేదాకా ఆగాల్సింది.