బెంగళూరుకు మారినా సైకిలు మీదే ఉద్యోగానికి వెళ్లవచ్చా?

ప్రశ్న: రుద్రంపేట వాసి, అనంతపురం

అందరికీ నమస్కారం. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను రుద్రంపేట నుంచి కోర్టు రోడ్డులోని కార్యాలయానికి సైకిలు మీదే వెళ్లివస్తున్నాను. వచ్చే నెలలో బెంగళూరులో, మహదేవపుర దగ్గర అవుటర్ రింగ్ రోడ్డును ఆనుకుని ఉన్న ఒక సంస్థలో చేరాలి. యలహంకలో మా చిన్నాన్న ఇల్లు ఉంది. అద్దె లేకుండా అక్కడే ఉండి వెళ్లిరమ్మని ఇంట్లో అందరూ అంటున్నారు. అక్కడి నుంచి కార్యాలయం ఇరవై కిలోమీటర్ల పైమాటే. నాన్నగారు స్కూటరు కొనిస్తానంటున్నారు. నాకు మాత్రం సైకిలు వదలాలని లేదు. ఏప్రిల్ ఎండలో సప్తగిరి సర్కిల్ దాటిన కాళ్లకు బెంగళూరు చల్లదనంలో తొక్కడం కష్టం కాదనుకుంటున్నాను. అయితే ఇంటికి పెద్ద కొడుకుగా నేను చేయదగిన పనేనా అన్నది అక్కడ ఉండి వచ్చిన పెద్దలు చెప్పాలని కోరుతున్నాను.

కమలానగర్ వాసి, అనంతపురం

తమ్ముడూ, బెంగళూరులో చాలా ఏళ్లు ఉద్యోగం చేసి తిరిగి వచ్చినవాడిగా చెబుతున్నాను, వద్దు. మన ఊళ్లో సైకిలుకు భయం లేకపోవడానికి కారణం మన రోడ్లు మంచివి కావడం కాదు. సుభాష్ రోడ్డులో ఆటో, మోటారు సైకిలు, తోపుడు బండి అన్నీ ఇంచుమించు ఒకే వేగంతో కదులుతాయి. రింగ్ రోడ్డు మీద పొద్దున ఏడింటికి రోడ్డు ఖాళీగా ఉంటే వాహనాలు అరవైకి తగ్గవు. నీవు పదిహేనులో ఉంటావు. ముప్పైలో వచ్చే బండి కంటే అరవైలో వచ్చే బండి తాకిడి రెండింతలు కాదు, నాలుగింతలు ఉంటుంది. అక్కడ చిన్న పొరపాటు చిన్నదిగా మిగలదు.

సైకిళ్లకు దారి వేశారు కదా అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. 2020లో ఇదే రింగ్ రోడ్డు మీద సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్. పురం వైపు స్తంభాలు పాతి సైకిళ్లకు ప్రత్యేక వరుస కేటాయించారు. మోటారు సైకిళ్లు అందులోకే దూరేవి. తర్వాత మెట్రో పనుల కోసం ఆ స్తంభాలనూ తీసివేశారు. ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో వచ్చి మరో పనికి అడ్డమని పోయే దారిని నమ్ముకుని జీవితాన్ని ఎవరూ ఏర్పాటు చేసుకోకూడదు. చిన్నాన్న ఇంట్లో ఉండు, బస్సులో వెళ్లు. సైకిలు ఆదివారం తొక్కుకో.

ఎర్రముక్కపల్లి ఉపాధ్యాయిని, కడప

నేను హైదరాబాదులో మెహదీపట్నంలో ఉన్నప్పుడు కొంతకాలం సైకిలు మీద పాఠశాలకు వెళ్లాను కాబట్టి ఆ నగరం సంగతి చెబుతాను. 2023 అక్టోబరులో అక్కడ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు. పైకప్పుగా సోలారు పలకలు, రాత్రి దీపాలు, వేరుగా కట్టిన అంచులు, అన్నీ ఉన్నాయి. చాలా చక్కని నిర్మాణం. కాని నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపున్న ఆ దారిని చేరుకోవడానికి నగరంలోని మనిషి ముందుగా నగరపు రద్దీ అంతా దాటాలి. అందుకే అది వ్యాయామానికి ఉపయోగపడినంతగా ఉద్యోగానికి ఉపయోగపడదు. ఇంటి గుమ్మం నుంచి కార్యాలయం గేటు దాకా ఉన్న ప్రతి మలుపూ లెక్కలోకి రావాలి.

మరొక విషయం. ఈ చర్చల్లో ఆడవారి మాట రాదు. చున్నీ వెనక చక్రంలో చుట్టుకుని పడిపోయినవారిని నేను చూశాను. చైనుకు పూర్తి కవరు, వెనక చక్రానికి జాలీ ఉన్న సైకిలు కొత్త మోడళ్లలో దొరకడమే కష్టం. రాత్రి వీధి దీపాలు లేని లోపలి రోడ్డు మగవారికి సురక్షితమైన దారి కావచ్చు, మాకు అదే భయపడే దారి. ప్రశ్న అడిగినవారు పురుషులు కావచ్చు గాని, చదివేవారిలో మా అమ్మాయిలూ ఉంటారు కనుక రాస్తున్నాను.

ధర్మవరం రోడ్డు, అనంతపురం (ప్రస్తుతం బెంగళూరు)

కమలానగర్ అన్నగారు చెప్పిన ప్రమాదం నిజం. కాని ఆయన చూపిన పరిష్కారం ఒప్పుకోలేను. నేను బెంగళూరులో ఇప్పటికీ సైకిలు మీదే పనికి వెళ్తున్నాను. నాకు అర్థమైన సంగతి ఒక్కటే. నగరంలో సైకిలు తొక్కగలమా లేదా అన్నది రోడ్డెక్కిన తర్వాత తేలదు, ఇల్లు వెదుక్కునే రోజే తేలిపోతుంది. యలహంక నుంచి మహదేవపురకు రోజూ సైకిలు మీద వెళ్లడం ఎవరు చెప్పినా చేయవద్దు. హెబ్బాళ ఫ్లైఓవరు దగ్గర వాహనాలు కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి, ఆ సమయంలో మధ్యలో సైకిలు ఉన్న సంగతి ఎవరికీ కనబడదు. అయితే ఇదే కార్యాలయానికి కగ్గదాసపుర నుంచో, సి.వి. రామన్ నగర్ నుంచో వస్తే దూరం నాలుగైదు కిలోమీటర్లకు మించదు. కగ్గదాసపుర రైల్వే గేటు దగ్గర ఆగవలసి వస్తుంది, రోడ్డు ఇరుకు, తిట్టుకుంటూ వెళ్తారు. కాని అందరూ మెల్లగా వెళ్తారు. అన్నగారు సుభాష్ రోడ్డు గురించి చెప్పిన మాట ఇక్కడికీ వర్తిస్తుంది. ఇరుకు రోడ్డు చూసి మనవాళ్లు జంకుతారు, నిజానికి వెడల్పాటి రోడ్డునే చూసి జంకాలి.

కాలం లెక్క కూడా చూడండి. నగరాల్లో వాహనాల రద్దీని లెక్కగట్టే టామ్‌టామ్ సంస్థ ప్రకారం 2023లో బెంగళూరు నడిబొడ్డున 10 కిలోమీటర్లు వెళ్లడానికి కారుకు సగటున 28 నిమిషాలు పట్టింది. గంటకు పదిహేను కిలోమీటర్లు తొక్కే మనిషికి అదే దూరం 40 నిమిషాలు. ఐదు కిలోమీటర్ల దూరంలో ఆ తేడా ఆరు నిమిషాలు. పైగా సైకిలుకు పార్కింగు వెదకడం ఉండదు, ఈ రోజు ఎంతసేపు పడుతుందోనన్న బెంగ ఉండదు.

ఇక రోడ్డు మీద కళ్లు దేనిపై పెట్టాలో చెబుతాను. బెంగళూరులో చాలా రోడ్లకు ఇప్పుడు కాంక్రీటు పరుస్తున్నారు. పాత తారు అంచు కంటే కాంక్రీటు పలక నాలుగు వేళ్లు ఎత్తుగా ఉంటుంది, రెంటికీ నడుమ పొడుగునా ఒక సందు పడుతుంది. వెనక బస్సు హారను కొట్టగానే కంగారుపడి ఎడమకు జరిగితే సన్నటి టైరు ఆ సందులో ఇరుక్కుంటుంది, హ్యాండిలు తిరగదు, మనిషి కుడివైపుకు, అంటే బస్సు వైపుకు పడతాడు. అందుకే అంచుకు అతుక్కుని తొక్కకూడదు. అంచుకు ఒక గజం లోపలికి, నేరుగా, వంకర్లు పోకుండా తొక్కితే వెనకవాడు విసుక్కుంటాడు గాని చూస్తాడు. మురుగు కాలువ మీది ఇనుప చువ్వల మూతలు కొన్నిచోట్ల చువ్వలు రోడ్డు పొడుగునే ఉండేలా బిగించి ఉంటాయి, వాటిలో కూడా టైరు దిగుతుంది. ఆగి ఉన్న కారు పక్కగా పోయేటప్పుడు దాని తలుపు తెరుచుకుంటుందనే అనుకోవాలి.

సైకిలు సంగతి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నా సమతలం కాదు. చెరువులోకి దిగి మళ్లీ గట్టెక్కినట్టుగా రోడ్లు సాగుతాయి. గేర్లు లేని మన బరువు సైకిలు అక్కడ మోకాళ్లను తినేస్తుంది. వెనక ఏడు గేర్లు ఉంటే చాలు, ఖరీదైనది అక్కరలేదు. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం పగలు కూడా వెలిగించాలి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో సాయంత్రం వాన పట్టుకుంటే కార్యాలయంలోనే ఆగిపోవాలి. నీళ్లు నిలిచిన అండర్‌పాస్‌లోకి సైకిలైనా కారైనా దిగకూడదు. 2023 మే నెలలో కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో ప్రాణం పోయిన సంగతి అందరికీ తెలుసు.

కమలానగర్ వాసి, అనంతపురం

ఇల్లు దగ్గరగా తీసుకోవడం మంచిదే. కాని అద్దె ఎవరు కడతారు? ఉచితంగా ఉన్న ఇల్లు వదిలి సైకిలు కోసం అద్దెకు దిగమని ఏ తండ్రికి చెప్పగలం? యలహంక నుంచి స్కూటరు మీద వెళ్లివచ్చినా నెలకు పెట్రోలు రెండు మూడు వేలు దాటదు.

ధర్మవరం రోడ్డు, అనంతపురం (ప్రస్తుతం బెంగళూరు)

డబ్బు లెక్కలో మీదే గెలుపు. అద్దె పెట్రోలు కంటే చాలా ఎక్కువ. కాని రానూపోనూ నలభై కిలోమీటర్లు ఆ రింగ్ రోడ్డు మీద స్కూటరుతో వెళ్లే కుర్రవాడు సైకిలు తొక్కే కుర్రవాడి కంటే సురక్షితంగా ఉన్నాడని మాత్రం అనుకోకండి. మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోతున్నవారిలో అందరికంటే ఎక్కువమంది ద్విచక్ర మోటారు వాహనాలవారే అని కేంద్ర రవాణా శాఖ నివేదికలు ఏటా చెబుతున్నాయి. రోజుకు రెండున్నర, మూడు గంటలు రోడ్డు మీద పోతాయి. అద్దెతో కొనేది ఆ గంటలను. చదువుకోవడానికైనా, నిద్రపోవడానికైనా, అమ్మతో ఫోనులో మాట్లాడటానికైనా అవి ఉండాలి.

కొండారెడ్డి బురుజు దగ్గర, కర్నూలు

చట్టం గురించి రెండు మాటలు. సైకిలుకు లైసెన్సు లేదు, రిజిస్ట్రేషను లేదు. అంత మాత్రాన దారిలో హక్కు తగ్గదు. మోటారు వాహనం ఢీకొంటే సైకిలిస్టు థర్డ్ పార్టీ అవుతాడు, ఆ వాహనపు బీమా మీద మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో పరిహారం కోరవచ్చు. ఢీకొన్న బండి దొరకకపోతే 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయల పరిహారం ఉంది. అందుకని పడిపోయిన వెంటనే బండి నంబరు చూడాలి, చూసినవారి ఫోను నంబరు తీసుకోవాలి, ఎంత చిన్నదైనా పోలీసు స్టేషనులో రాయించాలి. మన వాళ్లు సర్దుకుపోయి ఇంటికి వెళ్లిపోతారు, తర్వాత ఆసుపత్రి ఖర్చు మీద పడుతుంది. సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా చేరిన మొదటి రోజు నుంచే వర్తిస్తుందా లేదా అన్నది కూడా ఆ అబ్బాయి ముందే అడగాలి.

భవన నిర్మాణ మేస్త్రి, అనంతపురం

అయ్యలారా, మీ మాటలన్నీ చదివాను. నేను మన జిల్లా కూలీలను బెంగళూరు పనులకు తీసుకువెళ్తాను. పొద్దున ఆరింటికి సద్దిమూట హ్యాండిలుకు తగిలించుకుని రింగ్ రోడ్డు మీదే సైకిలు తొక్కేవారు మావాళ్లలో ఉన్నారు. షెడ్డు ఎక్కడ వేస్తే అక్కడే ఉండాలి కాబట్టి ఇల్లు ఎంచుకునే వీలు వారికి లేదు. 2011 జనగణనలో వ్యవసాయేతర పనులకు వెళ్లేవారిలో ప్రతి ఎనిమిది మందిలో దాదాపు ఒకరు సైకిలు మీదే వెళ్తున్నారని తేలింది. సైకిలు దారి అంటే చదువుకున్నవారి సరదా అని అధికారులు అనుకుంటున్నంత కాలం ఆ స్తంభాలు పాతడం, పీకడం జరుగుతూనే ఉంటుంది. మీలాంటి ఉద్యోగులు సైకిలు వదిలేస్తే ఆ రోడ్డు మీద మావాళ్లు మాత్రమే మిగులుతారు, వారి తరఫున అర్జీ రాసేవారు ఉండరు. కాబట్టి ఆ అబ్బాయి తొక్కాలి. మావాళ్లకు వెనక అంటించుకునే ఎర్ర రిఫ్లెక్టరు పట్టీలు కొనిచ్చాను, ముప్పై నలభై రూపాయల వస్తువు. దానికి కూడా ఎవరో ఒకరు పూనుకోవలసి వచ్చింది.

రుద్రంపేట వాసి, అనంతపురం

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చంతా నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన ఎక్కువసేపు ఆలోచించింది మేస్త్రిగారి మాట దగ్గర, ట్రిబ్యునల్ మాట దగ్గర. మొదటి నెల చిన్నాన్న ఇంట్లోనే ఉండి, బస్సులో వెళ్తూ కగ్గదాసపుర వైపు గది చూసుకోమన్నారు. గది నుంచి కార్యాలయానికి ఒక ఆదివారం, ఒక సోమవారం పొద్దున తొక్కి చూసిన తర్వాతే బయానా ఇవ్వాలన్నది ఆయన షరతు. రాత్రి ఆలస్యమైన రోజున సైకిలు కార్యాలయంలోనే వదిలి రావాలన్నది అమ్మ షరతు. రెండింటికీ ఒప్పుకున్నాను. సైకిలును రైల్లో వేసుకెళ్లవచ్చా, లేక లారీలో పంపాలా?

కమలానగర్ వాసి, అనంతపురం

నా అభిప్రాయం మారలేదు, కాని మీ నాన్నగారి షరతు సరైనది. సోమవారం పొద్దున తొక్కి చూస్తే నీకే తెలుస్తుంది. రైల్లో వేయవచ్చు. టికెట్టు తీసుకున్నాక అనంతపురం స్టేషనులో పార్శిలు కార్యాలయానికి ముందే వెళ్లి లగేజీగా బుక్ చేయించు. ఏ బండికి లగేజీ పెట్టె ఉందో, ఎంతసేపు ఆగుతుందో అక్కడే చెబుతారు. పేరు, ఫోను నంబరు, దిగే స్టేషను రాసిన అట్టముక్కను ఫ్రేముకు రెండుచోట్ల గట్టిగా కట్టు. దీపాలు, బెల్లు, గాలి పంపు విప్పి సంచిలో పెట్టుకో. పెడళ్లు లోపలికి తిప్పి బిగిస్తే పక్క సామాను తగిలి వంగవు. రసీదు పోగొట్టుకోవద్దు, అది లేకపోతే అక్కడ సైకిలు చేతికివ్వరు. పాత ట్యూబులు ఇక్కడే మార్పించుకుని వెళ్లు.