పేస్టద్దా, పేస్టొద్దా?

మానేరు: సగమే గుర్తున్న మెకానిక్ మాట ఒకటి: "కాయితం ప్యాకింగుకు పేస్టద్దు, అతుకు మీద చుక్క..." తర్వాత "తప్పదు" అనుకుంటా. బైకు ఇంజిన్ క్లచ్ కవర్ బిగించేటప్పటి మాట. ప్యాకింగంటే కవర్ కింద వేసే గాస్కెట్, పేస్టంటే ఆయిల్ కారకుండా పూసే సిలికాన్ లాంటిది. ఇక్కడ "అద్దు" అంటే పూయమనా, మానమనా?

యతిమైత్రి: పేస్టు + అద్దు, ఉత్వసంధి. వద్దనే అయితే "పేస్టొద్దు" అయ్యేది. అద్దకంలోని అద్దు ఇదే. పలచగా తాకించమని అర్థం.

పానా: సంధి కుదిరింది గానీ కవర్ కుదరదండీ. కాయితం ప్యాకింగు పొడిగానే కూర్చోవాలి. సిలికాన్ పూస్తే బోల్టు బిగిసేకొద్దీ ప్యాకింగు జారి బయటికొస్తుంది. లోపలికి పిండుకున్న ముక్కలు ఊడి ఆయిల్ జాలీకి అడ్డం పడతాయి. సన్న ఆయిల్ దారి మూసుకుందంటే పైన వాల్వులు తెరిచే క్యామ్‌కు ఆయిలే అందదు. స్టేటర్ (కరెంటు పుట్టించే తీగచుట్ట) వైపు కవర్‌ను అయస్కాంతం లాగేస్తుంది కాబట్టి ప్యాకింగు కదలకుండా రెండుచోట్ల గ్రీజు తాకిస్తే చాలు.

మానేరు: మా వైపు వచ్చిండు "అచ్చిండు" అయితది, వద్దు "అద్దు" అయితది. అందుకే అనుమానం.

యతిమైత్రి: అది మాండలికం, సూత్రం కాదు.

పానా: సూత్రం ఇంజిన్‌ది సార్.

గోదారిగట్టు: ఈ పేస్టులకు ముందు షెల్లాక్ పూసేవారు. అంటే లక్కే. తిక్కన గారి లక్కయింటికి మన ఇంజిన్ చుట్టమే!

యతిమైత్రి: లక్కయిల్లు ఆదిపర్వం. నన్నయ సొత్తు తిక్కన ఖాతాలో రాయకండి. విదురుడి గూఢమైన హెచ్చరిక కూడా ఇలాంటి మాటే, తెలిసినవాడికే తెలుస్తుంది. తిక్కన చేతిలో పడి ఉంటే ఆ సన్నివేశం నాటకంలా నడిచేదని నా వాదన.

గోదారిగట్టు: తిక్కనను ఒక పక్క పెడదాం. చాలా బళ్లలో క్రాంక్‌కేసు, అంటే ఇంజిన్ కింది పెట్టె, రెండు సగాల మధ్య ప్యాకింగే ఉండదు, పేస్టే. అక్కడ "అద్దు" అంటే పూయమనే కదా?

పానా: అక్కడ సరే. కానీ వాక్యంలో కాయితం ఉంది. "అతుకు మీద చుక్క" మాత్రం అసలైన మాట. ఆ రెండు సగాలు కలిసే గీత కవర్ అంచును పైన ఒకచోట, కింద ఒకచోట దాటుతుంది. గీతకు అటూ ఇటూ ఐదారు మిల్లీమీటర్లు సన్నగా పూయాలి. స్టేటర్ వైరు రబ్బరు దగ్గర ఇంకో చుక్క. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ వాడకండి, అల్యూమినియాన్ని తింటుంది. 6 మిల్లీమీటర్ల బోల్టులు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, 10 నుంచి 12 న్యూటన్ మీటర్ల బిగువుతో బిగించాలి. ఆ తర్వాత కూడా కారితే పేస్టును తిట్టొద్దు, పాత ప్యాకింగును స్క్రూడ్రైవర్‌తో గీకినవాణ్ణి తిట్టండి.

యతిమైత్రి: అన్నట్టు, మానేరు గారూ, ఆయన అన్నది "కాయితం" అనేనా? "కాగితం" అయితే మాట్లాడింది మీ వైపు మనిషి కాదు, నా సంధి నిలుస్తుంది.

మానేరు: "కాయిదం" కూడా అయ్యుండొచ్చు.